రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయాల్లో చిన్న వ్యాపారి మాట చెల్లాలంటే: వినతిపత్రం నుంచి జీవో దాకా

"మనకెందుకండీ రాజకీయాలు, మన పని మనం చూసుకుంటే చాలదా?" అనే వ్యాపారులే కరెంటు బిల్లు పెరిగిన నెలలోనో, కొత్త లైసెన్సు నిబంధన వచ్చిన వారంలోనో "ఇప్పుడు ఎవరిని కలవాలి?" అని అడుగుతుంటారు. ఆ రెండో ప్రశ్నకు జవాబే ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దుకాణం, వర్క్‌షాపు, చిన్న పరిశ్రమ నడుపుతున్నవాళ్ల కోసం రాశాను.

మొదటి ప్రశ్నకు జవాబు క్లుప్తంగా చెప్పుకుందాం. డీజిల్ మీద వ్యాట్, స్టాంపు డ్యూటీ, వృత్తి పన్ను, దుకాణాల పనివేళలు, కనీస వేతనాలు, పారిశ్రామిక ప్లాట్ల కేటాయింపు, ప్రోత్సాహకాల విడుదల అన్నీ రాష్ట్రంలోనే తేలతాయి. మీరు వెళ్లకపోతే నిర్ణయం ఆగదు. వెళ్లినవాళ్లు ఇచ్చిన లెక్కల మీద జరిగిపోతుంది. పాల్గొనాలంటే కండువా కప్పుకోవాల్సిన పనిలేదు. నిర్ణయం జరగకముందే, జరిగే చోటే, మీ మాటను రికార్డులోకి ఎక్కించగలిగితే చాలు.

## 1. సమస్య ఎవరి చేతిలో ఉందో ముందు తేల్చుకోండి

ఎక్కువ శ్రమ వృథా అయ్యేది ఇక్కడే. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి జీఎస్టీ రేటు తగ్గించమంటారు. కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి కరెంటు టారిఫ్ మార్చమంటారు. రెండు చోట్లా "చూద్దాం" అనే మాట వస్తుంది, ఎందుకంటే అది వాళ్ల చేతిలో లేదు.

ఏది ఎక్కడ తేలుతుందో చూడండి:

- కరెంటు టారిఫ్, కేటగిరీ: రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ). ప్రభుత్వం నేరుగా రేటు మార్చడానికి వీల్లేదు, సబ్సిడీ మాత్రం ఇవ్వగలదు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 65 ప్రకారం ఆ సబ్సిడీ సొమ్మును ముందుగానే చెల్లించాలి. కాబట్టి కేటగిరీ మార్పు కావాలంటే మండలికి, రాయితీ కావాలంటే ప్రభుత్వానికి వెళ్లాలి.
- జీఎస్టీ రేటు: జీఎస్టీ కౌన్సిల్. రాజ్యాంగంలోని 279ఎ అధికరణం ప్రకారం ఓట్ల విలువలో మూడింట రెండు వంతులు రాష్ట్రాలవి, ఒక వంతు కేంద్రానిది. నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల బలం కావాలి. అంటే మీ దారి రాష్ట్ర ఆర్థిక మంత్రి, వాణిజ్య పన్నుల శాఖ మీదుగా వెళ్తుంది.
- పెట్రోలు, డీజిల్ వ్యాట్: ఇవి జీఎస్టీ పరిధిలోకి రాలేదు. నిర్ణయం పూర్తిగా రాష్ట్ర ప్రభుత్వానిదే.
- వృత్తి పన్ను: స్లాబులు రాష్ట్రానివి. ఒక్కొక్కరి మీద ఏడాదికి రూ.2,500 దాటకూడదని రాజ్యాంగమే (276వ అధికరణం) హద్దు పెట్టింది.
- దుకాణాల పనివేళలు, సెలవులు: 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం, దాని కింద వచ్చే జీవోలు. కార్మిక శాఖను కలవాలి.
- ట్రేడ్ లైసెన్సు, చెత్త రుసుము, బోర్డు రుసుము: మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్. నిబంధన రాసేది మాత్రం పురపాలక శాఖ.
- పరిశ్రమల ప్రోత్సాహకాలు: జిల్లా పరిశ్రమల కేంద్రంలో మొదలై పరిశ్రమల శాఖలో తేలతాయి. బిల్లు మంజూరైనా డబ్బు రాకపోతే సంగతి ఆర్థిక శాఖ దగ్గర ఆగినట్టే.

రాష్ట్ర శాఖగానీ, ప్రభుత్వ సంస్థగానీ మీకు సరకు డబ్బు బాకీ పడితే దానికి వేరే దారి ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్ఎంఈడీ) 2006 ప్రకారం ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లోపు చెల్లించాలి. లేకపోతే ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దీనికి విధానం మారనక్కర్లేదు, కాబట్టి వినతిపత్రాలతో కాలం గడపకండి.

## 2. ఒక్క కోరిక ఎంచుకోండి

పదిహేను డిమాండ్లతో వెళ్తే మీ చేతిలోని కాగితం అధికారి ఫైళ్ల కట్టలో కలిసిపోతుంది. ఒక్కటి పట్టుకెళ్తే దాని మీద ఏదో ఒకటి రాయక తప్పదు. "చిన్న వ్యాపారులను ఆదుకోండి" అనే మాటను ఏ గుమాస్తా జీవోగా మార్చలేడు. "ఫలానా జీవోలోని ఫలానా పేరాలో ఏటా రెన్యువల్ అని ఉన్నచోట మూడేళ్లకోసారి అని మార్చండి" అంటే మార్చగలడు.

మీ కోరికను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించండి:

- ఏ చట్టం, ఏ నిబంధన, ఏ జీవో మారాలో చెప్పగలరా?
- మారిస్తే మీలాంటి వాళ్లందరికీ వర్తిస్తుందా, మీ ఒక్కరికేనా?
- ప్రభుత్వానికి పడే భారం ఎంత?

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. మీ ఒక్కరి ఫైలు కదిలించమని అడిగితే అది పైరవీ. రేపు ప్రభుత్వం మారితే ఆ పరిచయమే మీకు ఇబ్బంది తెచ్చిపెడుతుంది. అందరికీ పనికొచ్చే మార్పు అడిగితే ఎవరు అధికారంలో ఉన్నా తలెత్తుకుని వెళ్లి అడగవచ్చు. చిన్న వ్యాపారికి దీన్ని మించిన రక్షణ లేదని నా నమ్మకం.

## 3. లెక్కలు సిద్ధం చేసుకోండి

మీ వీధి, మీ ఎస్టేటు, మీ రంగం నుంచి కనీసం ఇరవై ముప్పై మంది వివరాలు పోగుచేయండి. అందరినీ ఒకే ప్రశ్నలు అడగండి. ఎంతమందికి పని ఇస్తున్నారు, ఈ నిబంధన వల్ల ఏడాదికి ఎంత ఖర్చు, ఎన్ని రోజుల పని పోతోంది అని అడిగితే చాలు. బిల్లుల నకళ్లు దగ్గర పెట్టుకోండి.

ప్రభుత్వం దగ్గరున్న లెక్క కావాలంటే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు చేయండి. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. ఒక జాగ్రత్త ఉంది. ఆ హక్కు పౌరులదని చట్టం చెబుతోంది. కాబట్టి కంపెనీ లెటర్‌హెడ్ మీద కాకుండా మీ సొంత పేరుతో దరఖాస్తు పెట్టండి. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు. "ఫలానా ఫైలు నోట్ నకలు, ఫలానా సంవత్సరం వసూలైన మొత్తం" అని అడగండి.

## 4. ఒంటరిగా వెళ్లకండి

ఒక్కరే వెళ్తే అది ఫిర్యాదు. నలభై మంది సంతకాలతో వెళ్తే అది నియోజకవర్గం సంగతి అవుతుంది.

ఇప్పటికే ఉన్న వర్తక సంఘం, ఇండస్ట్రియల్ ఎస్టేట్ సంఘం, ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఉంటే ముందు అందులో చేరండి. చేరి ఊరుకోకుండా మీ రంగానికి ఉపసంఘం పెట్టమని అడగండి. ఏ సంఘమూ లేకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో కొత్తది నమోదు చేయవచ్చు.

సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉండేలా చూడండి. అధ్యక్షుడు ఒక పార్టీ మనిషని ముద్రపడితే ఆ సంఘం అయిదేళ్లు పనిచేసి అయిదేళ్లు మూలనపడుతుంది. సంఘం వేదిక మీద పార్టీ కండువాలు వద్దని నిబంధనావళిలోనే రాసుకోండి.

## 5. క్యాలెండర్ చూసుకుని కదలండి

సరైన మాటను తప్పు నెలలో చెబితే ఏడాది పోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు: శాఖలు వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు తయారుచేసే కాలం. డబ్బుతో ముడిపడ్డ కోరికలన్నీ ఇప్పుడే శాఖాధిపతి చేతికి చేరాలి. బడ్జెట్ ప్రవేశపెట్టే వారం అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" తప్ప ఇంకేమీ రాదు.

నవంబరు చివర: విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) తమ వార్షిక ఆదాయ అవసరాల నివేదికలను (ఏఆర్ఆర్) మండలికి ఇవ్వాల్సిన గడువు నవంబరు 30. పొడిగింపు అడగడమూ మామూలే. పత్రికల్లో నోటీసు కోసం కనిపెట్టుకుని ఉండండి.

జనవరి నుంచి మార్చి: విద్యుత్ బహిరంగ విచారణలు, అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు. మీ సమస్య మీద ప్రశ్న వేయించాలన్నా, పద్దుల (శాఖలవారీ కేటాయింపుల) చర్చలో ప్రస్తావన చేయించాలన్నా సమావేశాలకు ముందే ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకు ఒక పేజీ నోట్ అందాలి.

ఎన్నికల షెడ్యూలుకు ముందు: షెడ్యూలు ప్రకటించగానే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వస్తుంది. ప్రభుత్వం కొత్త పథకాలు ప్రకటించకూడదు. ఆ వారాల్లో సచివాలయం చుట్టూ తిరగడం దండగ. అంతకు కొన్ని నెలల ముందే అన్ని ప్రధాన పార్టీల మ్యానిఫెస్టో కమిటీలకు ఒకే కాగితం ఇవ్వండి. ఒక్క పార్టీకే ఇవ్వకండి.

పారిశ్రామిక విధానాలు సాధారణంగా అయిదేళ్లవి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్నవి 2024–29 కాలానివి. తెలంగాణ ఎంఎస్ఎంఈ విధానం 2024లో వచ్చింది. విధానం మధ్యలో ఉండగా మొత్తం మార్చమని అడగడం కంటే దాని అమలు మార్గదర్శకాల్లో సవరణ అడిగితే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

## 6. ముసాయిదా దశలోనే పట్టుకోండి

చాలా నిబంధనలు ముందు ముసాయిదాగా గెజెట్‌లో వస్తాయి, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. కనీస వేతనాలను ప్రతిపాదన ప్రచురించే పద్ధతిలో సవరించినప్పుడు ఆ గడువు కనీసం రెండు నెలలుండాలని చట్టమే చెబుతోంది. ఆ రెండు నెలల్లో ఒక్క కాగితమూ పెట్టకుండా తుది జీవో వచ్చాక ధర్నాకు దిగే సంఘాలను చూస్తే బాధగా ఉంటుంది. వేతనాలు పెరగకూడదని అడగమని నా ఉద్దేశం కాదు. పనివాళ్లకు పెరగాల్సింది పెరగాలి. ఏ పని ఏ కేటగిరీలోకి వస్తుంది, అమలు తేదీ ఏది అన్న విషయాల్లో మీ అనుభవం ప్రభుత్వానికి నిజంగా పనికొస్తుంది.

గెజెట్, శాఖల వెబ్‌సైట్లు వారానికోసారి చూసే బాధ్యత సంఘంలో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. అందరి పని అంటే ఎవరూ చూడరు.

## 7. వినతిపత్రం ఇలా రాయండి

రెండు పేజీలు దాటకూడదు. వరుస ఇది:

1. విషయం, సూచిక: ఏ జీవో, ఏ తేదీ, ఏ పేరా.
2. మేం ఎవరం: సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సభ్యులు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల సంఖ్య. మూడు వాక్యాలు.
3. ఇబ్బంది: ఒక పేరా, ఒక చిన్న పట్టిక.
4. కోరిక: "ఇప్పుడున్న వాక్యం", "మార్చాల్సిన వాక్యం" పక్కపక్కన.
5. భారం: ప్రభుత్వానికి ఎంత ఆదాయం తగ్గుతుంది, ఎలా భర్తీ అవుతుంది. వేరే రాష్ట్రంలో అమల్లో ఉంటే అక్కడి జీవో నకలు.
6. జతపరిచినవి: సంతకాల జాబితా, బిల్లుల నకళ్లు.

నాలుగో అంశం మీద ఎక్కువ సమయం పెట్టండి. ఫైలు మీద మొదటి నోట్ రాసేది సెక్షన్ ఆఫీసర్. ఆయనకు సిద్ధంగా ఉన్న వాక్యం దొరికితే మీ భాషే ఫైల్లోకి వెళ్తుంది. అయిదో అంశం చాలామంది వదిలేస్తారు, ఆర్థిక శాఖ మొదట అడిగేది అదే.

ఇచ్చిన ప్రతిసారీ ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు కార్యాలయం వేసే నంబరు), తేదీ, స్టాంపు ఉన్న నకలు తీసుకోండి. అది లేకపోతే మీరు కాగితం ఇవ్వనట్టే.

## 8. కింది నుంచి పైకి కలవండి

నేరుగా మంత్రి పేషీకి వెళ్లాలని అందరికీ ఉంటుంది. మంత్రి కాగితం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి శాఖకు పంపుతారు. అక్కడ ఎవరికీ విషయం తెలియకపోతే అది అక్కడే ఆగుతుంది.

- జిల్లా అధికారి: పరిశ్రమల కేంద్రం జీఎం, కార్మిక శాఖ అధికారి, మున్సిపల్ కమిషనర్. సమస్య నిజమేనని వీళ్లు నివేదిక ఇస్తే సగం పని అయినట్టే.
- శాఖాధిపతి: కమిషనర్ లేదా డైరెక్టర్. విషయం లోతుగా మాట్లాడాల్సింది ఇక్కడే.
- ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ: సిఫార్సు లేఖ, అసెంబ్లీలో ప్రస్తావన. అధికార పక్షం, ప్రతిపక్షం ఇద్దరినీ కలవండి, కలుస్తున్నట్టు ఇద్దరికీ చెప్పండి.
- ముఖ్య కార్యదర్శి, మంత్రి: కింది మూడు మెట్లూ ఎక్కాక.

సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి, ప్రజా సమస్యల పరిష్కార వేదిక లాంటివి వ్యక్తిగత ఫిర్యాదులకు మంచివి. విధానం మార్చడానికి అవి చాలవు.

సమావేశానికి ముగ్గురు చాలు. ఒకరే మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరు కాగితాలు అందించాలి. మొదటి మాట ఇలా ఉండొచ్చు: "సార్, ఫలానా జీవోలో నాలుగో పేరా గురించి వచ్చాం. మా ఎస్టేటులో అరవై యూనిట్లకు ఇబ్బందిగా ఉంది. మార్చాల్సిన వాక్యం రాసి తెచ్చాం." శాలువాలు, ఫొటోలు చివర్లో. బయటికొచ్చాక ఆ రోజే "మీరు ఇలా అన్నారు, ధన్యవాదాలు" అని లేఖ పంపండి. నోటిమాట రికార్డుగా మారేది అప్పుడే.

## 9. మొదటిసారి అయితే విద్యుత్ విచారణతో మొదలుపెట్టండి

పరిచయాలు లేకుండా, లాయర్ లేకుండా, చట్టమే మీకు మైకు ఇచ్చే చోటు ఇది. విద్యుత్ చట్టం సెక్షన్ 64 ప్రకారం డిస్కం తన టారిఫ్ ప్రతిపాదనను ప్రచురించాలి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి.

ఎలా చేయాలంటే:

- పత్రికా నోటీసులో ఉన్న ఆఖరు తేదీ రాసుకోండి. ప్రతిపాదనల కాపీ మండలి, డిస్కం వెబ్‌సైట్లలో ఉంటుంది.
- మీ కేటగిరీ పేజీ వెతకండి. రెండు రాష్ట్రాల్లోనూ లో టెన్షన్ (ఎల్‌టీ, తక్కువ వోల్టేజి) కనెక్షన్లలో కమర్షియల్‌కు ఎల్‌టీ-2, పరిశ్రమకు ఎల్‌టీ-3. పాత రేటు, కొత్త రేటు, ఫిక్స్‌డ్ ఛార్జీ మూడూ మీ పన్నెండు నెలల బిల్లులకు వేసి తేడా చూడండి.
- అభ్యంతరాన్ని నోటీసులో చెప్పిన పద్ధతిలో మండలికి పంపండి. డిస్కంకు నకలు ఇచ్చి రశీదు తీసుకోండి. "స్వయంగా వినిపించుకుంటాను" అని తప్పకుండా రాయండి.
- విచారణ రోజు అయిదు నిమిషాలకు మించి మాట్లాడకండి. రాసిచ్చింది చదవకుండా అందులోని ముఖ్యమైన అంకెలు చెప్పండి.

మీ అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం టారిఫ్ ఉత్తర్వులో అచ్చవుతాయి. ఈసారి తిరస్కరించినా ఎందుకు తిరస్కరించారో రాతపూర్వకంగా ఉంటుంది. వచ్చే ఏడాది అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. మీ ఒక్క మీటరు బిల్లు తప్పు అయితే మాత్రం విచారణకు కాకుండా వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు (సీజీఆర్ఎఫ్) వెళ్లండి.

## 10. డబ్బు దగ్గర గీత దాటకండి

పార్టీకి విరాళం ఇవ్వడం నేరం కాదు. ఇవ్వకపోయినా మీ మాట వినాల్సిందే. ఇవ్వదలచుకుంటే నగదు వద్దు.

కంపెనీ అయితే కంపెనీల చట్టం 2013, సెక్షన్ 182 వర్తిస్తుంది. కంపెనీకి మూడు ఆర్థిక సంవత్సరాలు నిండి ఉండాలి, బోర్డు తీర్మానం ఉండాలి, చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగాలి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేస్తూ, కంపెనీ విరాళాలకున్న 7.5 శాతం పరిమితిని ఎత్తేసిన సవరణను కూడా చెల్లదంది. ఆ శాతాన్ని గత మూడేళ్ల సగటు నికర లాభం మీద లెక్కవేస్తారు. మీ ఆడిటర్‌ను అడక్కుండా చెక్కు రాయకండి.

లంచం సంగతి వేరు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో ఇచ్చేవాడికీ ఏడేళ్ల దాకా జైలు ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకే రక్షణ. "మామూలే కదా" అన్న మాట కోర్టులో నిలవదు. సంఘం పేరుతో "ఖర్చులకు" అని వసూలు చేస్తే ప్రతి రూపాయికీ రశీదు, ఓచరు ఉండాలి.

## 11. పట్టభద్రుల ఓటు నమోదు చేసుకోండి

రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉంది, అందులో పట్టభద్రుల స్థానాలున్నాయి. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటి, ఆ నియోజకవర్గంలో నివసించేవాళ్లు ఫారం-18తో నమోదు చేసుకోవచ్చు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారుచేస్తారు. గతంలో ఓటు ఉంది కదా అని ఊరుకుంటే పేరు ఉండదు. అసెంబ్లీతో పోలిస్తే ఓటర్లు చాలా తక్కువ కాబట్టి సంఘంలోని పట్టభద్రులంతా నమోదైతే అభ్యర్థులే మీ దగ్గరికి వస్తారు.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఫొటో దిగి పని అయిపోయిందనుకోవడం. ఇన్‌వర్డ్ నంబరు పట్టుకుని మూడు వారాలకోసారి ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. ఒక పుస్తకంలో తేదీ, కలిసినవారి హోదా, చెప్పిన మాట రాయండి.

అధికారిని బదిలీ అయ్యాక వెతుక్కోవడం. బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలోనే కొత్త అధికారికి పాత లేఖలన్నీ జతచేసి ఒక పేజీ సారాంశం ఇవ్వండి.

అంకెలు పెంచి చెప్పడం. ఒక్క అంకె తప్పని తేలితే మిగతావాటినీ నమ్మరు. కచ్చితంగా తెలియనిచోట "మా సభ్యులు చెప్పిన ప్రకారం" అని రాయండి.

మొదటి రోజే బంద్ ప్రకటించడం. బంద్‌తో నష్టపోయేది మీ గల్లాపెట్టె, మీ పనివాళ్ల రోజు కూలి. వినతిపత్రం, రిమైండర్, అసెంబ్లీ ప్రస్తావన, కోర్టు అన్నీ చూశాకే ఆ ఆలోచన చేయండి.

## 13. జీవో వచ్చాక

సంబరం చేసుకునే ముందు జీవో చదవండి. అమలు తేదీ ఉందా, పాత దరఖాస్తులకు వర్తిస్తుందా, "విడిగా మార్గదర్శకాలు జారీ చేస్తాం" అని ఉందా చూడండి. మార్గదర్శకాలు రానంతవరకు జిల్లాలో ఎవరూ అమలు చేయరు. ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా మార్పు జరగాలి. జీవోలో రుసుము తగ్గినా సాఫ్ట్‌వేర్ పాత మొత్తమే అడుగుతుంటే ఆ స్క్రీన్‌షాట్‌తో మళ్లీ శాఖకు రాయండి.

తొలి నెలలో చూసుకోవాల్సినవి:

- జీవో నకలు సభ్యులందరికీ చేరిందా?
- జిల్లా కార్యాలయానికి అధికారికంగా అందిందా?
- కొత్త పద్ధతిలో కనీసం ఒక దరఖాస్తు పూర్తయిందా?
- సాయం చేసిన అధికారికి, ఎమ్మెల్యేకు, ప్రశ్న వేసిన ప్రతిపక్ష సభ్యుడికి కృతజ్ఞతా లేఖలు వెళ్లాయా?

ఈ పనిలో దిగినవాళ్లలో కొందరికి ఎన్నికల్లో నిలబడాలనిపిస్తుంది. మంచిదే. నామినేషన్‌కు ముందు ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 9ఎ చదవండి. రాష్ట్ర ప్రభుత్వానికి సరకు సరఫరా చేసే, పనులు చేసే కాంట్రాక్టు మీ పేరు మీద నడుస్తుంటే అసెంబ్లీకి అనర్హులవుతారు. వయసు 25 నిండాలి. ఆస్తులు, అప్పులు, ప్రభుత్వ బకాయిలు, కేసులు అన్నీ ఫారం-26 అఫిడవిట్‌లో ప్రకటించాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. నామినేషన్ వేసే రోజుకు ముందే సంఘం పదవికి రాజీనామా చేసి, ఫైళ్లు, ఇన్‌వర్డ్ నంబర్ల పుస్తకం తర్వాతి కార్యదర్శికి అప్పగించండి.